మాలిష్‌కు ఏ నూనె కొనాలె: గానుగ కాడ అడిగేటోళ్లందరికీ

నల్లగొండల మాది చిన్న కట్టె గానుగ. పల్లి, నువ్వులు, కొబ్బరి పడతం. ఆముదం, వేప నూనె తెచ్చి అమ్ముతం. వంట నూనె కొనేటోళ్లు ధర అడుగుతరు, డబ్బా నింపుకొని పోతరు. మాలిష్ నూనె కొనేటోళ్లు మాత్రం నిలబడతరు. "అన్నా, మోకాళ్లకు ఏది మంచిది?" "బాలింతకు ఏది పెట్టాలె?" "ఫోన్ల బాదం నూనె అని చూపిస్తున్నరు, ఉన్నదా?" నేను తిరిగి మూడు అడుగుత. ఎవరి ఒంటికి? ఏ కాలంల? రుద్దినంక దేనితోని కడుక్కుంటరు? ఈ మూడింటికి జవాబు దొరికితే నూనె ఏదో దానంతటదే తేలుతది. మూడోదాన్ని ఎవ్వరూ పట్టించుకోరు గాని సగం తకరార్లు ఆడనే మొదలైతయి. దట్టమైన ఆముదం ఒళ్లంతా పట్టించి ఒట్టి నీళ్లు పోసుకుంటే రాత్రి దుప్పటంతా జిడ్డు, తెల్లారి వీపు నిండ పొక్కులు.

నూనె అమ్ముకొని బతికేటోన్నయినా ఒక మాట చెప్పాలె. మాలిష్‌ల దొరికే సుఖంల పెద్ద వాటా చేతిది, నూనెది కాదు. మెల్లగ, ఒకే తీరుగ ఒత్తితే బిగుసుకున్న కండలు వదులైతయి, మనసు నిమ్మళమైతది, నిద్ర పడతది, నడుము నొప్పి కొన్ని దినాలు తగ్గి ఉంటది. నూనె చేసే పని ఏందంటే, చెయ్యి గీరుకోకుండ జారనిస్తది, చర్మంల తేమ ఆరిపోకుండ ఆపుతది. "ఎముకల దాకా దిగుతది", "రక్తం శుద్ధి చేస్తది" అని సీసా మీద రాసి ఉంటే ఆ రాతకు కూడ మీరే పైసలు కడుతున్నరని అర్థం.

ఏదీ తోచకుంటే నువ్వుల నూనె

పెద్దోళ్లకు, చలికాలానికి, రోజూ కాకున్నా వారానికి ఒకసారైనా ఒళ్లు రుద్దుకునేటోళ్లకు నేను మొదట ఇచ్చేది ఇదే. ఆయుర్వేదంల అభ్యంగానికి వాడే తైలాలల్ల చాలావాటికి మూలం నువ్వుల నూనెనే. మహానారాయణ తైలం, క్షీరబల తైలం కొన్నా లోపల ఉండేది మూలికలు వేసి కాచిన నువ్వుల నూనె. ఇందుల సెసమాల్ లాంటి పదార్థాలు సహజంగనే ఉంటయి కాబట్టి మిగతా నూనెల కంటే తొందరగ పాడు కాదు. మరీ దట్టం కాదు, మరీ పల్చన కాదు. శనగపిండితోనో పెసరపిండితోనో రుద్దితే ఇట్టే పోతది.

కల్తీ సంగతి ఎట్ల పట్టాలె? నాలుక మీద వేసుకునుడు, కాగితం మీద చుక్క పెట్టుడు, ఇవన్నీ అంతంతమాత్రమే. లెక్క ఒక్కటే నికరమైన పరీక్ష. కట్టె గానుగల లీటరు నువ్వుల నూనె రావాలంటే గింజను బట్టి రెండున్నర కిలోల చుట్టూ నువ్వులు పోయాలె. అంగట్ల కిలో నువ్వుల ధర ఎంతున్నదో అడగండి, రెండున్నరతోని గుణించండి. చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి) అమ్మితే వచ్చే పైసలు గానుగ కూలికి, కరెంటుకు పోతయనుకోండి. మీ లెక్కకంటే చాలా తక్కువకు ఎవరన్న లీటరు నూనె అమ్ముతున్నరంటే వాళ్లేం దానం చేస్తలేరు, అందుల ఇంకేదో కలిసింది. ఈ లెక్క నా దుకాణంల కూడ చెయ్యండి, నాకేం కోపం రాదు.

ఇంకో పొరపాటు మస్తుగ చూస్తున్న. దీపారాధన నూనె అని చౌకగ దొరికే సీసాలు కొంచవోయి మాలిష్‌కు వాడుతరు. అవి దీపానికి కలిపిన నూనెలు. సీసా వెనక చిన్న అక్షరాలల్ల తినడానికి కాదని రాసి ఉంటది. తినరానిదాన్ని ఒంటికెందుకు పట్టించాలె, అదీ పసిపిల్లలకు?

గానుగ నూనె అడుగున కొంచెం మడ్డి ఉంటే భయపడొద్దు. గానుగల నువ్వులు ముద్దయినంక మేం బెల్లం ముక్క వేస్తం, అప్పుడు చెక్క గట్టిపడి నూనె విడిపోతది. ఆ నూనెను స్టీలు గిన్నెల పోసి, బట్ట కట్టి, రెండు మూడు దినాలు తేర్చాలె. పైది వంపుకోవాలె. ఇంకా మడ్డి మిగిలితే సీసా కదపకుండ పై నూనె ఒంపుకుంటే చాలు.

ఆముదం, మన చెల్కల నూనె

నల్లగొండ, పాలమూరు ఎర్ర చెల్కలల్ల నీళ్లు లేకున్నా పండే పంట ఆముదం. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానంల దీనికి వంగడాలే తయారు చేసిండ్రు. ఇప్పుడు ఆ చెల్కలల్ల పత్తి వచ్చి కూసున్నది గాని మా చిన్నప్పుడు దేవరకొండ దిక్కు ఏ ఇంట్ల చూసినా ఇంత ఆముదం ఉండేది. మా అమ్మ ఇంట్లనే తీసేది. గింజలను పెంకల దోరగ వేయించాలె. మాడితే నూనె చేదు వాసన కొడతది, పచ్చిగ ఉంటే నూనె దిగదు. వేయించినవాటిని రోట్ల వేసి ముద్దగ దంచాలె. ఆ ముద్దను పెద్ద గిన్నెల నీళ్లు పోసి మరిగిస్తే నల్లటి పిండి అడుగుకు పోయి నూనె పైకి తేలుతది. దాన్ని గంటెతోని నెమ్మదిగ ఎత్తి వేరే గిన్నెల పోసి మళ్ల సన్న మంట మీద కాయాలె. అందుల నీళ్లున్నంత సేపు చిటపట అంటది. చప్పుడు ఆగిందంటే తడి పోయింది, దించెయ్యొచ్చు. ఆ నూనె ముదురు రంగు, పొగ వాసన. దుకాణంల దొరికే పల్చటి పసుపు రంగుది పచ్చి గింజను మిషన్ల ఒత్తి తీసింది. చర్మానికి రెండూ పనికొస్తయి. వాసన ఏది ఓర్చుకుంటరో చూసుకొని కొనండి.

ఒక జాగ్రత్త. ఆముదం గింజల రిసిన్ అనే విషం ఉంటది. అది నూనెల రాదు, పిండిల మిగులుతది. అందుకే ఆముదం పిండిని చేనుకు ఎరువుగ వేస్తరు గాని పశువుకు పెట్టరు. ఇంట్ల తీసేటోళ్లు గింజలను పిల్లల చేతికి అందకుండ చూసుకోవాలె.

మాలిష్‌కు వచ్చేసరికి, ఒట్టి ఆముదం ఒళ్లంతా రుద్దుడు తెలివైన పని కాదు. జారదు, పట్టుకొని లాగుతది, వెంట్రుకలు పీకుతది. మూడు వంతుల నువ్వుల నూనెకు ఒక వంతు ఆముదం కలిపితే చేతికి సరిగ వస్తది. ఒట్టిగ వాడాలంటే మడిమ పగుళ్లకు, మోచేతులకు, ఎండిన మోకాళ్లకు వాడండి. రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, పగుళ్లల్ల ఆముదం నింపి పాత సాక్సులు వేసుకొని పండుకోవాలె. ఖరీదైన క్రీములు కొని విసిగిపోయినోళ్లు కూడ మళ్ల దీనికే వస్తరు. కడుపుతో ఉన్న ఆడబిడ్డలు పైన రాసుకుంటే ఏం కాదు గాని, కాన్పు తొందరగ అయితదని ఎవరన్న తాగమంటే మాత్రం తాగొద్దు.

మాట మీద మాట, మన పుట్టపాక తేలియా రుమాలు నూలును నూనెలనూ, ఆముదం కాయల బూడిద నీళ్లలనూ నానబెట్టి తయారు చేస్తరు. బట్ట మెత్తగ, చల్లగ ఉంటదని అరబ్బు దేశాల దాక పోయింది. ఒంటికి కాకముందే దారానికి మాలిష్ చేసిన జిల్లా మన పాత నల్లగొండ. చండూరు దిక్కు గుంట మగ్గం మీద పనిచేసే ఒక పెద్దాయన మా దగ్గర ఈ మూడొంతుల నూనెనే తీసుకపోతడు. దినమంతా గుంతల కాళ్లు పెట్టి తొక్కి తొక్కి పిక్కలు రాయిలెక్క అయితయట. రాత్రి భార్యతోని కింద నుంచి పైకి, మడిమ కాడి నుంచి మోకాలి దిక్కు ఒత్తించుకుంటడు. అదే సరైన పద్ధతి, రక్తం గుండె దిక్కు మళ్లాలె కదా.

ఎండకాలం, కొబ్బరి, మిగతావి

మే నెలల మనకాడ 44, 45 డిగ్రీలు. ఆ ఎండల నువ్వుల నూనె పట్టించుకొని బయట తిరిగితే చెమట రంధ్రాలు మూసుకపోయి ఒళ్లంతా చెమటకాయలు. ఎండకాలం రుద్దుకోవాలంటే కొబ్బరి నూనె, అదీ పొద్దుగూకినంక, కొద్దిగ, గంటల తానం చేసేటట్టయితేనే. పొడి చర్మం, దురదతోని పొలుసులు లేచే చర్మం ఉన్నోళ్లకు కొబ్బరి బాగ పనిచేస్తది. ముఖం మీద మొటిమలుంటే ముఖానికి వద్దు. 24 డిగ్రీల కిందికి పోతే గడ్డ కడతది, అది నూనె గుణం. డిసెంబర్ల పొద్దుగాల గడ్డ కట్టిందని సీసా వాపసు తెచ్చేటోళ్లున్నరు. చలికి అస్సలు గట్టిపడని కొబ్బరి నూనెనే అనుమానించాలె.

పల్లి నూనె పేదోళ్ల మాలిష్ నూనె. వనపర్తి, గద్వాల, అచ్చంపేట దిక్కు పల్లి బాగ పండుతది కాబట్టి ఇంట్ల వంటకున్నదే ఒంటికీ రాస్తరు. తప్పేం లేదు. చౌక, బాగ జారుతది. పల్లి తింటే పడనోళ్లు మాత్రం ఒంటికి కూడ దూరం పెట్టాలె. నువ్వులతో కూడ అదే మాట.

ఆవ నూనె మన దిక్కు అలవాటు లేదు గాని ఇప్పుడు అడుగుతున్నరు. మిర్యాలగూడ రైసుమిల్లుల్ల పనిచేసే బీహారు హమాలీలు ఇదే వాడుతరు, వాళ్లను చూసి మనోళ్లకూ మోజు. అందుల ఘాటైన పదార్థం ఉంటది, రుద్దితే వెచ్చగ అనిపిస్తది. పెద్దోళ్లు, గట్టి చర్మమోళ్లు చలికాలం వాడుకోవచ్చు. పసిపిల్లలకు వద్దు, చర్మం మండుతది.

వేప నూనె, కానుగ నూనె మాలిష్‌కు కాదు, దురదకు. అదీ వేరే నూనెల కొద్దిగ కలిపి. వేప నూనె పిల్లల కడుపులకు పోతే ప్రమాదం, సీసా పైన దాచండి. నల్లమలల అమ్రాబాద్ దిక్కు ఇప్ప నూనె దొరుకుతది, చలికి వెన్నలెక్క గట్టిపడతది, పగిలిన చర్మానికి మంచిది. నిజమైనది దొరికితే తీసుకోండి.

ఆలివ్ నూనె, బాదం నూనె? స్తోమత ఉంటే కొనుక్కోండి, అంతకంటే చెప్పేదేం లేదు. ఆలివ్ నూనె పసిపిల్లల చర్మం పై పొరను బలహీనపరుస్తదని చర్మం డాక్టర్లు చెప్తున్నరు, కాబట్టి విదేశీ అని పిల్లలకు కొనొద్దు. బాదం అని రాసిన తలనూనె సీసాలు తిప్పి వెనక చదవండి. మినరల్ ఆయిల్ లేకుంటే లిక్విడ్ పారాఫిన్ అని మొదటి పేరు ఉంటే లోపల ఎక్కువగ ఉన్నది అదే, బాదం పేరుకు మాత్రమే. అది విషం కాదు, చర్మానికి హాని చెయ్యదు, పాడు కూడ కాదు. కాకపోతే బాదం ధర పెట్టి పారాఫిన్ కొనుడెందుకు.

పసిపిల్లలకు

ఇక్కడ నేను నూనె అమ్మేటందుకంటే ఎక్కువగ వద్దనేటందుకే నోరు తెరుస్త. తానం పోసే అవ్వలు అనుభవమున్నోళ్లు, వాళ్ల చేతుల పిల్లలు హాయిగ నిద్రపోతరు, ఆ సంగతి కాదనను. కాని కొన్ని పద్ధతులు ఇప్పటికైనా మానాలె. ముక్కుల, చెవులల్ల నూనె చుక్కలు వెయ్యొద్దు. ముక్కుల పోసిన నూనె ఊపిరితిత్తులల్లకు జారి నిమోనియా తెస్తది. బొడ్డు ఊడి, ఆరేదాక బొడ్డు కాడ నూనె పెట్టొద్దు. పుట్టిన పిల్లల రొమ్ములు ఉబ్బి ఉంటే పిండొద్దు, అది తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల, కొన్ని వారాలకు దానంతటదే పోతది. మాడు మీద ఆముదం రాస్తే తప్పు లేదు, కాని మాడు దానితోని పూడదు. ఏడాదికో ఏడాదిన్నరకో దాని టైముకు అది పూడుతది. ఒత్తుడు మాత్రం వద్దు. తానం అయినంక సాంబ్రాణి పొగల పెట్టుడు కూడ పసి ఊపిరికి మంచిది కాదు.

నూనె అయితే కొబ్బరి, లేకుంటే ఇంట్ల వంటకు వాడే సన్‌ఫ్లవర్. ఒక చిన్న చెంచా చాలు. నెలలు నిండకముందు పుట్టిన పిల్లలకు మాలిష్ వల్ల బరువు పెరుగుడుల లాభముంటది, కాని వాళ్ల చర్మం కాగితమంత పల్చన, డాక్టర్‌ను అడిగినంకనే మొదలుపెట్టాలె. పాలు తాగిన అర్ధగంట తర్వాత, గాలి కొట్టని గదిల, మెత్తటి చేతితోని. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలె. కాళ్లు చేతులు గుంజి తిప్పుడు అవసరం లేదు. అవ్వకు కోపం రాకుండ చెప్పాలంటే, "డాక్టరమ్మ వద్దన్నది అవ్వా" అని డాక్టరమ్మ మీదికి నెట్టండి.

నొప్పుల నూనె ఇంట్ల చేసుకునుడు

కర్పూరం నూనె అడిగేటోళ్లకు నేను పద్ధతి చెప్పి పంపుత. 100 మి.లీ. నువ్వుల నూనెల నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, చెంచా వాము వేసి సన్న మంట మీద ఎల్లిగడ్డ ఎర్రగయ్యేదాక కాచాలె. పొయ్యి ఆర్పి, నూనె గోరువెచ్చనయ్యేదాక ఆగాలె. అప్పుడే 5 గ్రాముల దాక కర్పూరం నలిపి వెయ్యాలె. మంట మీదున్నప్పుడు వేస్తే కర్పూరం భగ్గుమంటది. హారతి బిళ్లలు కాకుండ మందుల దుకాణంల దొరికే మంచి కర్పూరం తెచ్చుకోండి. వడగట్టి సీసాల పోసుకుంటే చలికాలానికి సరిపోతది.

నీలగిరి తైలం కలపాలంటే 100 మి.లీ. నూనెకు 2 మి.లీ., అంటే సుమారు 40 చుక్కలు. ఒట్టిగ ఎప్పుడూ రాయొద్దు, బొబ్బలు లేస్తయి. కర్పూరం, నీలగిరి ఈ రెండూ చిన్న పిల్లలకు రాయొద్దు, వాళ్లకు అందనియ్యొద్దు. మింగితే ఫిట్స్ వస్తయి. వింటర్‌గ్రీన్ (మిథైల్ సాలిసిలేట్) వాసన కొట్టే నొప్పి నూనెలు రక్తం పల్చనయ్యే గోళీలు వేసుకునేటోళ్లకు పడవు, ముందు డాక్టర్‌ను అడగాలె.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు నుంచి వచ్చే పెద్దోళ్లను చూస్తే నా మనసు ఒక తీరుగయితది. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఏండ్ల కొద్ది తాగి మెడలు తిరగవు, మోకాళ్లు మడత పడవు. "మంచి నూనె ఇయ్యి బిడ్డా, సాపైతదేమో" అంటరు. ఫ్లోరైడ్‌తోని బిగిసిన ఎముకను ఏ నూనె సాపు చెయ్యదు. గోరువెచ్చని నువ్వుల నూనెతోని మెత్తగ రుద్ది, తర్వాత వేడి నీళ్లు పోసుకుంటే చుట్టున్న కండలకు కొంత సుఖం, అంతే. గట్టిగ ఒత్తి, గుంజి సరిచేస్తమనేటోళ్ల దగ్గరికి పోవద్దు, వెన్నుపూస బిగిసినోళ్లకు అది ప్రమాదం. ఈ మాట చెప్పి చిన్న సీసా ఇస్త, పెద్దది ఇయ్యను.

ఇంకెవరు రుద్దించుకోవద్దు? జ్వరముంటే, అజీర్తి చేసి ఉంటే ఆగాలె. దెబ్బ తగిలి ఉబ్బి ఉంటే, ఎముక విరిగిందని అనుమానముంటే ముట్టుకోవద్దు. ఒక్క పిక్కనే ఉబ్బి, వేడిగ, నొప్పిగ ఉంటే అందుల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతది. షుగర్ ఉన్నోళ్లకు కాళ్లల్ల స్పర్శ తక్కువ, వేడి నూనెతోని కాలినా తెల్వదు. వాళ్ల కాళ్లకు చల్లని నూనెనే, వేళ్ల సందులల్ల మిగలకుండ తుడవాలె. మూతి వంకర పోయి, చెయ్యి కాలు పడిపోతే నూనె కోసం, పసరు కోసం తిరగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే నాలుగున్నర గంటల లోపలనే దాన్ని కరిగించే సూది వెయ్యొచ్చు. మాలిష్, కసరత్తు అన్నీ ఆ తర్వాత.

వాడేటప్పుడు

కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి లోపలి దిక్కు చుక్క రాసి ఒక దినం చూడండి. దురద, ఎరుపు లేకుంటేనే ఒంటికి. నూనెను పొయ్యి మీద కాయకుండ, గిన్నెల పోసి వేడి నీళ్లల్ల పెట్టి వెచ్చబెట్టండి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. పెద్ద మనిషి ఒళ్లంతా రుద్దడానికి 20, 30 మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ లాభమేం లేదు. రాత్రి నిద్ర కోసమైతే ఒళ్లంతా అక్కర్లేదు, పాదాలకు పది నిమిషాలు మెల్లగ రుద్ది తుడిచేస్తే సరి.

కొనేటప్పుడు చిన్న సీసా కొనండి, పావు లీటరు చాలు. ఎండ తగలని అలమారల, మూత గట్టిగ పెట్టి ఉంచండి. పాత నూనె సీసాల కొత్త నూనె పోయొద్దు, పాతదాని వాసన కొత్తదానికి అంటుకుంటది. మూత తీయంగనే చేదు వాసన కొడితే అది ఒంటికి వద్దు, తలుపు బందులకు పోసుకోండి.

రుద్దించుకున్న ముసలోళ్లను తానానికి ఒంటరిగ పంపొద్దు. మన బాత్రూములల్ల తాండూరు బండలు, నూనె కాళ్లు పడితే తుంటి ఎముక విరుగుతది. గోనె పట్టా వెయ్యండి, అరికాళ్లు ముందే తుడవండి, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూసోబెట్టి పోయండి. ఆముదం కలిసిన నూనెకు సబ్బు ఒక్కటే చాలదు, ముందు శనగపిండి పొడిగనే రుద్ది, తర్వాత నీళ్లు పొయ్యాలె. ఆ తువ్వాలను మిగతా బట్టలతోని కలపకుండ వేడి నీళ్లల్ల విడిగ నానబెట్టి ఉతకండి.